మారుమనస్సు

కామాటిపుర పేరులోనే తెలుగు కూలి ఉన్నాడు. కామాటి అంటే మట్టిపని, కట్టడపు పని చేసే మనిషి. నిజాం రాజ్యపు తెలుగు ప్రాంతాల నుంచి బొంబాయికి పనికి వచ్చినవారి వల్ల ఆ పేటకు ఆ పేరు వచ్చింది. చాళ్ళలో పెరిగే పిల్లలకు ఇంట్లో తెలుగు, గల్లీలో మరాఠీ, హిందీ. అందుచేత కొన్ని తెలుగు మాటలకు పక్కభాష అర్థం అంటుకుంటుంది. ముంబయి తెలుగు క్రైస్తవుల ఇళ్ళలో వినిపించే 'మారుమనస్సు' అలాంటిదే. మరాఠీ బైబిలులో అదేచోట 'పశ్చాత్తాప' ఉంటుంది. రెండూ ఒకటేననుకోవడం సహజం. కాని ఒకటి కావు.

పశ్చాత్ అంటే తరువాత; తాపం అంటే మంట. చేసిన పనికి తరువాత కలిగే మంట పశ్చాత్తాపం. మంట చల్లారాక మనిషి పాతదారినే పోవచ్చు. మారుమనస్సుకు మూలమైన గ్రీకు మాట 'మెటనోయా'లో మంట లేదు. అందులోని 'నూస్' మనస్సు, 'మెటా' మార్పును సూచించేది. మత్తయి సువార్త 3వ అధ్యాయంలో యోహాను జనాన్ని పిలిచేది మారుమనస్సుకు. 27వ అధ్యాయంలో యూదాకు కలిగింది పశ్చాత్తాపం. గ్రీకులోనూ అవి వేర్వేరు మాటలే. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు రెండుచోట్లా 'రిపెంట్' అనే క్రియనే వాడింది. ఇక్కడ మన అనువాదకులే నిక్కచ్చిగా ఉన్నారు.

ఇక 'మారు' సంగతి. దీన్ని క్రియగా తీసుకుంటే చిక్కు వస్తుంది. పారునీరు అంటే పారే నీరు కదా, ఆ లెక్కన మారుమనస్సు పూటకో తీరుగా మారే మనస్సు, అంటే చపలచిత్తం అవుతుంది! మారుపేరు, మారువేషం, మారుతల్లి అన్న మాటల్లోని 'మారు' ఇదని నా అభిప్రాయం. అక్కడ దాని అర్థం 'వేరొక' అని. ఉన్న మనస్సుకు మరమ్మతు కాదు, దాని స్థానంలో వేరొక మనస్సు. మలయాళ బైబిలులోని 'మానసాంతరం' దీనికి బలమిస్తుంది. దేశాంతరం, రూపాంతరం అన్నప్పుడు 'అంతరం' అంటే వేరొకటనే.

ఆ అంతరమే ముంబయివాసులకు బాగా తెలిసిన 'ధర్మాంతర్'లోనూ ఉంది. అంబేద్కర్ 1935 యేవలా ప్రకటన, 1956 నాగపూర్ దీక్షల ప్రసక్తిలో వినే మాట అది. దానికి తెలుగులో మతమార్పిడి అంటున్నాం. 'మార్పిడి'లో డబ్బు మార్చుకున్నట్టు ఇచ్చిపుచ్చుకునే ధ్వని ఉంది. ఆ దీక్షకు అది చాలని మాట.

వాడుకలో ఒక జాగ్రత్త: పశ్చాత్తాపం 'పడతాం', మారుమనస్సు 'పొందుతాం'. మారుమనస్సు పడ్డాడని ఎవరూ అనరు.