విదేశ విద్య – ఎందు కొరకు?

ప్రతి సంవత్సరం పరీక్షల కాలం సమీపించేసరికి కొందరు విద్యార్థులు కాగితాలు చేతబట్టుకొని మా అధ్యాపకుల గదికి వస్తారు. విదేశీ విశ్వవిద్యాలయానికి పంపవలసిన సిఫారసు లేఖపై మా సంతకం కావాలి. సంతకం చేయడం క్షణం పని. కాని "నాయనా, ఎందుకు వెళుతున్నావు?" అని అడిగితే చాలామంది తల వంచుకుంటారు. వెళ్లవలసిన దేశం తెలుసు, రుసుము తెలుసు, విమానం ఛార్జీ తెలుసు. కారణం మాత్రం చెప్పలేరు. ఆ కారణాన్ని గూర్చి మన విద్యార్థులతో నాలుగు మాటలు పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కైకలూరు చేరువలోని ఒక పల్లె నుంచి వచ్చి బి.ఎస్సీ. చదువుతున్న విద్యార్థి ఒకడు తన దరఖాస్తుకు జతపరచే ప్రకటనను ఈ సంవత్సరం మాకు చూపించాడు. ప్రపంచ స్థాయి ప్రమాణాలు, ఉజ్జ్వల భవిష్యత్తు, చిన్ననాటి స్వప్నం – అన్నీ అందులో ఉన్నాయి. అతని సొంత మాట మాత్రం ఒక్కటీ లేదు. ఇంచుమించు అవే వాక్యాలను నిరుడు మరొక విద్యార్థి కాగితంలో చదివినట్లు మాకు జ్ఞాపకం. ఏజెంటు ఇచ్చిన నమూనా అది. "దీన్ని పక్కన పెట్టు. నీ కారణమేదో తెలుగులో ఒక్క పేజీ వ్రాసుకొని రా" అన్నాము.

మూడు రోజుల తరువాత అతడు తెచ్చిన పేజీ వేరు. అతని తండ్రికి చిన్న చేపల చెరువు ఉన్నది. మబ్బు పట్టిన రోజుల్లో నీటిలోని నాచుకు ఎండ చాలక ప్రాణవాయువు తగ్గిపోతుంది. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. అటువంటి రాత్రులు ఇంటిల్లిపాదీ గట్టుమీదనే మేలుకొని ఇంజను నడుపుతారు. పట్టుబడి అయిపోయిన తరువాత చెరువు నీటిని మురుగు కాలువలోకి వదులుతారు. దిగువనున్న రైతు ఆ కాలువ నీటినే తన చెరువుకు తోడుకుంటాడు. పైవారు వదిలినది వీరికి, వీరు వదిలినది కిందివారికి. ఈ నీటిని వదలడానికి ముందే తక్కువ ఖర్చుతో శుభ్రపరచే మార్గం ఉన్నదా? ఇదే అతని ప్రశ్న. పేజీ చివర మరొక వాక్యం ఉన్నది: "నా చదువు కోసం మా అబ్బా ఆ చెరువునే తాకట్టు పెడతానంటున్నారు, సార్."

ఈ ప్రశ్న చిన్నది కాదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చే నీటిని తనలో నింపుకొని, ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పంపే మంచినీటి సరస్సు మన కొల్లేరు. 1999లో దీనిని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేర్చారు. 2006లో సరస్సులోని చేపల చెరువుల గట్లను పెద్ద ఎత్తున తొలగించారు. ఈ విద్యార్థి చెరువు అభయారణ్యానికి వెలుపల, సొంత పొలంలో తవ్వినదే. అయినా మురుగు నీటికి హద్దురాళ్లు తెలియవు గదా! సరస్సూ బ్రతకాలి, చెరువును నమ్ముకొన్న కుటుంబమూ బ్రతకాలి.

ఇటువంటి ప్రశ్నను మూటగట్టుకొని మన పొరుగు నుంచే ఒకరు పూర్వం సముద్రం దాటారు. భీమవరంలో 1895లో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి సోదరులిద్దరు స్ప్రూ అనే ఉష్ణమండల వ్యాధికి కొద్ది రోజుల వ్యవధిలోనే బలి అయ్యారు. ఆ వ్యాధి ఎందుకు వస్తుంది, ఎట్లా నయమవుతుంది అన్న ప్రశ్న ఆయనను హార్వర్డుకు నడిపించింది. మామగారి సహాయం, కాకినాడలోని సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సహాయం తోడైనాయి. అవి చాలక బోస్టన్‌లో ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరచే పని చేశారు. 1930లో డాక్టరేటు పొందారు. అక్కడ స్థిరమైన పదవి లభించక 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ చికిత్సకు అది ఉపకరించింది. తరువాత డైఇథైల్‌కార్బమజిన్ వెలువడింది. మన డెల్టా పల్లెలను తరతరాలుగా పీడించిన బోదకాలు వ్యాధికి మందు అదే. 2004 నుంచి దేశంలో ఇంటింటికీ పంచిన బోదకాలు మాత్రల్లో ఉన్నది అదే.

సుబ్బారావు గారు తిరిగి రాలేదు. 1948లో అమెరికాలోనే కన్నుమూశారు. ఆయన ఎదురుచూపుల్లో ఇక్కడ ఉండిపోయిన భార్య త్యాగాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి. విదేశ విద్యకు వెల చెల్లించేది వెళ్లినవాడొక్కడే కాదు.

తిరిగి వచ్చి ఫలమందించినవారూ ఉన్నారు. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1869లో ఇంగ్లండు వెళ్లారు. ప్రభుత్వ విద్యార్థివేతనం పొందిన కుమారుడు సయ్యద్ మహమూద్ కేంబ్రిడ్జిలో చదివాడు. తండ్రి అక్కడి విద్యావిధానాన్ని పరిశీలించారు. తిరిగి వచ్చి 1875లో అలీగఢ్‌లో స్థాపించిన విద్యాసంస్థ 1920లో విశ్వవిద్యాలయమైనది. ఉర్దూలో 'ఇల్మ్', 'అమల్' అనే మాటలను జంటగా పలుకుతారు – విద్య, దాని ఆచరణ.

సంపాదన కోసం వెళ్లడం తప్పని మేము అనము. అప్పులు తీర్చాలి, చెల్లెలి పెళ్లి చేయాలి అనుకోవడం గౌరవప్రదమైన కారణమే. కాని తోటివారు వెళ్లారని, ఇరుగుపొరుగు మెచ్చుకుంటారని వెళ్లడం కారణం కాదు. కావున దరఖాస్తు చేయడానికి ముందు విద్యార్థి తనను తాను మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటిది: అక్కడ నేర్చుకోదలచినది ఇక్కడ లభించదా? మత్స్య విద్యకు స్కాట్లండులోని స్టిర్లింగ్, నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ విశ్వవిద్యాలయాలు పేరు పొందినవి. అయితే కాకినాడలో కేంద్రీయ మత్స్య విద్యా సంస్థ శాఖ, విజయవాడలో మంచినీటి చేపల పరిశోధన కేంద్రం మన గడప వద్దనే ఉన్నాయి.

రెండవది: ఖర్చు ఎవరి మీద పడుతుంది? విద్యారుణంపై చదువుకునే కాలంలో కూడా వడ్డీ పెరుగుతుంది. రూపాయి విలువ తగ్గితే రుసుము భారం దానంతట అదే పెరుగుతుంది. మైనారిటీ విద్యార్థుల రుణాలపై వడ్డీ భరించిన కేంద్ర ప్రభుత్వ 'పఢో పర్‌దేశ్' పథకాన్ని 2022-23 నుంచి నిలిపివేశారు. కావున కామన్వెల్త్, ఫుల్‌బ్రైట్-నెహ్రూ, ఎరాస్మస్ ముండస్ వంటి విద్యార్థివేతనాలకు ముందుగా ప్రయత్నించాలి. జర్మనీలో చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు బోధనా రుసుము తీసుకోవు. జీవన వ్యయానికి మాత్రం సొమ్ము చూపించాలి.

మూడవది: నేర్చినదాని ఫలం ఎవరికి చేరుతుంది?

ఆ విద్యార్థి లేఖపై మేము సంతకం చేశాము. అంతకు ముందు ఒక మాట తీసుకున్నాము – విద్యార్థివేతనం సంగతి తేలేవరకు చెరువు పత్రాలు ఇల్లు దాటరాదు. ఈ సెలవుల్లో కాకినాడ వెళ్లి అక్కడి శాస్త్రజ్ఞులకు తన ప్రశ్నను వినిపించాలి. ఏజెంటు నమూనాను అతడు మా ఎదుటనే చించివేశాడు. తెలుగులో వ్రాసిన ఆ ఒక్క పేజీని ఇంగ్లీషులోకి మార్చుకొని దరఖాస్తుకు జతపరిచాడు. కళాశాల కమిటీ పెద్దలు విద్యార్థివేతనాల వివరాలు సకాలంలో అందించే ఏర్పాటు చేస్తే, మరికొందరి పత్రాలు కూడా తాకట్టుకు పోకుండా నిలుస్తాయని మా విన్నపం.