చౌక ఏరోజెల్‌కు అడ్డంకి ఆరబెట్టే ఖర్చే

న్యూఢిల్లీ: ఘనపరిమాణంలో నూటికి 95 పాళ్లకు పైగా గాలితో నిండి ఉండి, వేడిని అడ్డుకోవడంలో నిశ్చలమైన గాలిని సైతం మించిన పదార్థం సిలికా ఏరోజెల్. అమెరికా శాస్త్రజ్ఞుడు శామ్యూల్ కిస్లర్ ఏరోజెల్ తయారీని 1931లోనే వెల్లడించారు. అంగారకునిపై 1997లో దిగిన సోజర్నర్ వాహనాన్ని చలి నుంచి కాపాడినదీ ఇదే. అయినా ఇది నేటికీ సామాన్యుని ఇంటికప్పుకు, రైతుల శీతల గిడ్డంగులకు అందుబాటులోకి రాలేదు. కారణం ధర.

ముడిసరుకుకు మనకు కొరత లేదు. టన్ను ధాన్యం మరపడితే సుమారు 200 కిలోల ఊక, దానిని కాల్చితే 40 కిలోల బూడిద మిగులుతాయి. ఆ బూడిదలో నూటికి 85 పాళ్లకు పైగా సిలికాయే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోని రైసు మిల్లులకు ఈ బూడిదను వదిలించుకోవడమే ఒక సమస్య. దీనిని కాస్టిక్ సోడాతో కలిపి మరిగిస్తే సోడియం సిలికేట్, దాని నుంచి జెల్ తయారవుతాయి.

అసలు ఖర్చు ఆ జెల్‌ను ఆరబెట్టడంలోనే ఉంది. మామూలుగా ఆరబెడితే, ఆవిరయ్యే ద్రవపు తలతన్యత సూక్ష్మరంధ్రాల గోడలను లోపలికి లాగి కూల్చివేస్తుంది. అందుకే కిస్లర్ అధిక పీడన పాత్రలను ఆశ్రయించారు. ఇది ఖరీదైనదే కాక ప్రమాదకరమైన పద్ధతి కూడా. స్వీడన్‌లో 1984లో మిథనాల్ లీకై ఒక ఏరోజెల్ కర్మాగారమే పేలిపోయింది.

జెల్ గోడలకు నీటిని వికర్షించే రసాయనపు పూత పట్టిస్తే సాధారణ పీడనంలోనే ఆరబెట్టవచ్చునని 1990 దశకంలో అమెరికా పరిశోధకులు నిరూపించారు. కొల్హాపూర్‌లోని శివాజీ విశ్వవిద్యాలయంలో ఆచార్య ఎ. వేంకటేశ్వరరావు బృందం చౌకగా లభించే సోడియం సిలికేట్‌తోనే ఈ పద్ధతిపై విస్తృతంగా కృషి చేసింది. తిరువనంతపురంలోని విక్రం సారాభాయ్ అంతరిక్ష కేంద్రం రూపొందించిన ఏరోజెల్ సియాచిన్ సైనికుల దుస్తులకు ఉపకరించగలదని 2017లో వార్తలు వెలువడ్డాయి.

అయితే చిక్కులు పూర్తిగా తొలగలేదు. పూతకు వాడే సిలేన్ రసాయనాలు, హెక్సేన్ వంటి ద్రావణాలు ఖరీదైనవి. ద్రావణాలను తిరిగి రాబట్టుకోకపోతే పీడన పాత్రల వల్ల మిగిలిన డబ్బు ఇక్కడ ఖర్చయిపోతుంది. ఏరోజెల్ పెళుసు కనుక దానిని నారతో కలిపి దుప్పటిలా తయారుచేయవలసి ఉంటుంది.

థర్మోకోల్, గాజు ఉన్నిలతో పోలిస్తే దాదాపు సగం మందంతోనే ఏరోజెల్ అంతే రక్షణ ఇస్తుంది. చోటు తక్కువైన శీతల వాహనాలలో, ఆవిరి గొట్టాలపై ఈ గుణం అధిక ధరకు కొంత పరిహారమవుతుంది. ఇంటికప్పు దాకా రావాలంటే మాత్రం ద్రావణాల ఖర్చు తగ్గవలసిందే. బూడిద ఎంత చౌకగా లభించినా, ఆ లెక్క తేలనిదే ఎండకు కాగే రేకుల ఇళ్లకు ఏరోజెల్ చేరదు.