కాయ కాయని ఒంటిచెట్టు

మారిషస్‌కు తూర్పున 560 కిలోమీటర్ల దూరంలో, హిందూ మహాసముద్రం నడుమ రోడ్రిగ్స్ అనే చిన్న దీవి ఉంది. ఒకప్పుడు మన కోరంగి రేవులో ఓడలెక్కిన కూలీలు చెరకు తోటలకు చేరిన మారిషస్ దేశంలో భాగమే అది. 1980 ప్రాంతంలో అక్కడి మాస్టారు ఒకరు పిల్లలకు ఓ పాత మొక్క బొమ్మ చూపించారు. అంతరించిపోయిందని అప్పటికే అందరూ వదిలేసుకున్న మొక్క అది. ఓ కుర్రాడు దాన్ని రోడ్డు పక్కనే చూపించాడు. దీవి మొత్తానికీ మిగిలింది ఆ ఒక్కటే.

పేరు కఫే మరాన్, అంటే అడవి కాఫీ. కాఫీ కుటుంబానికే చెందిన ఈ పొదకు నక్షత్రాల్లాంటి తెల్లని పూలు పూస్తాయి. మనుషులు వచ్చి స్థిరపడ్డాక దీవిలో అడవి నరికారు, మేకల్నీ పశువుల్నీ వదిలారు. బయటి నుంచి తెచ్చిన మొక్కలు మిగిలిన నేలను ఆక్రమించాయి.

ఇన్నిటిని తట్టుకుని నిలిచిన మొక్కకు, దొరకడమే ప్రాణం మీదికొచ్చింది. సుఖరోగాలకూ, తాగిన మర్నాటి తలనొప్పికీ ఇది మందని స్థానికుల నమ్మకం. కబురు తెలియగానే వచ్చినవాళ్లు వచ్చినట్టు రెమ్మలు విరుచుకుపోయారు. కంచె వేస్తే దూకారు. కంచె మీద కంచె వేయాల్సి వచ్చింది. వాళ్లను తిట్టబుద్ధి కాదు నాకు. తాతలనాటి మందు మళ్లీ కనబడితే మన ఊళ్లో మాత్రం ఊరుకుంటామా?

1986లో కొన్ని కొమ్మల్ని విమానంలో లండన్‌లోని క్యూ ఉద్యానవనానికి పంపారు. వేరు పట్టింది, పెరిగింది, విరగబూసింది. కాయ మాత్రం పడలేదు. కొమ్మ నాటి ఎన్ని మొక్కలు చేసినా అవన్నీ ఆ ఒంటిచెట్టు నకళ్లే. గింజ లేకపోతే చెట్టు బతికినా జాతి బతికినట్టు కాదు. ఏళ్లకేళ్లు అలాగే గడిచాయి. చివరికి క్యూలో పనిచేసే కార్లోస్ మగ్దలీనా పువ్వులోని కీలాగ్రాన్ని కోసి, ఆ గాయం మీదే పుప్పొడి అద్దడం మొదలుపెట్టారు. పూలకు పూలు రాలిపోయాయి. ఆయన వదల్లేదు. 2003లో ఒక్క పిందె నిలిచింది. తర్వాత మరికొన్ని కాయలు కాశాయి, గింజలు సొంత దీవికి తిరిగి వెళ్లాయి.

ఆ గింజల నుంచి వచ్చిన మొలకలు తల్లిలా లేవు. ఆకులు సన్నగా, పొడుగ్గా, గోధుమరంగు మచ్చలతో ఎండు పుల్లల్లా ఉన్నాయి. కాస్త ఎత్తు పెరిగాకే వెడల్పాటి పచ్చని ఆకులు వేశాయి. నేలబారున మేసే పెద్ద తాబేళ్ల కంటపడకుండా వేసిన వేషం అదని శాస్త్రజ్ఞుల ఊహ. ఆ తాబేళ్లు అంతరించి రెండు వందల ఏళ్లయింది. మొలక ఇంకా వాటి నుంచి దాక్కుంటూనే ఉంది.