చప్పుడు వస్తోందా? అయితే వైపర్ మోటార్ బతికే ఉంది!

వైపర్ ఆగిందంటే చాలు, అందరి నోటా ఒకటే మాట: "మోటార్ పోయింది". ఆ ఒక్క మాటకే వేలు వదిలిపోతాయి. పోయిన వానాకాలం నా పాత కారుకీ ఇదే తంతు. స్విచ్ వేస్తే లోపల గుర్ర్‌మని చప్పుడు, అద్దం మీద మాత్రం కదలిక లేదు. ఒక షాపులో మోటార్, రాడ్లు కలిపి సెట్ మొత్తం మార్చాలన్నారు.

మాది కమ్మర్‌పల్లి. ఆర్మూర్ నుంచి మెట్‌పల్లి పోయే 63వ జాతీయ రహదారి మా ఊరి మీదుగానే పోతుంది. జూన్‌లో వానలు పడి పసుపు పనులు మొదలైతే రోడ్డు మీద ట్రాక్టర్లే ట్రాక్టర్లు. వాటిలో వెనక లైటు లేని ట్రాలీలకు లెక్కలేదు. పైగా మా అక్కకు నెలలు నిండాయి, ఏ రాత్రయినా ఆర్మూర్ పోవాల్సి రావచ్చు. వైపర్ లేకుండా కుదరదు.

మా వీధి మెకానిక్ అన్నకు ఫోన్ చేస్తే నవ్విండు. "మోటర్ తిరుగుతుందంటే మంచిగున్నట్టే గదా తమ్మీ! ఆర్మ్ కింద నట్టు చూడు. అది గట్టిగుంటే లోపల బుష్ ఊడింది, గంతే."

అసలు కిటుకు ఇది. మోటార్ ఒకే దిక్కుకు గుండ్రంగా తిరుగుతుంది. దాని కొసకున్న చిన్న క్రాంకు, రాడ్లు కలిసి ఆ తిరుగుడును అటూ ఇటూ ఊపుగా మారుస్తాయి. రాడ్ చివర గిన్నెలాంటి ప్లాస్టిక్ బుష్, అందులో ఇనుప గుండు. ఏళ్ల తరబడి ఎండకు, దుమ్ముకు బుష్ అరిగిపోతే గుండు జారిపోతుంది. మోటార్ పాపం ఒంటరిగా తిరుగుతుంటుంది. అసలు చప్పుడే రాకపోతే ముందు ఫ్యూజ్ చూడాలి. ఫ్యూజ్ బదులు వైరు ముక్క మాత్రం పెట్టకండి, కారే కాలిపోవచ్చు.

ఇక పని. వైపర్‌ను దాని స్విచ్‌తోనే ఆపాలి, కీ తిప్పి కాదు. అప్పుడే మోటార్ తన చోటుకొచ్చి ఆగుతుంది. బ్లేడ్లు మామూలుగా ఆగే చోట అద్దానికి టేప్ అంటించుకున్నా. బ్యాటరీ నెగెటివ్ వైరు తప్పనిసరిగా తీసేయాలి, రాడ్ల మధ్య వేలు పడితే నలిగిపోతుంది. అద్దం మీద పాత తువ్వాలు పరిచి, టోపీలు లేపి, నట్లు విప్పి, ఆర్మ్‌లను మెల్లగా అటూ ఇటూ ఆడిస్తూ లాగా. సుత్తితో కొడితే అద్దం పోతుంది. కింది నల్ల ప్లాస్టిక్ కవర్ తీయగానే ఊడిన రాడ్ కనిపించింది!

పాత బుష్ చేతిలో పట్టుకుని స్పేర్‌పార్ట్స్ షాపుకు పోయా, సైజు తప్పితే నిలవదు మరి. కొత్తదాన్ని వేడి నీళ్లలో కాసేపు ఉంచితే మెత్తబడింది. గ్రీజు రాసి ప్లయర్‌తో నొక్కితే టక్కున కూర్చుంది. బ్యాటరీ వైరు కలిపి, ఆర్మ్‌లు లేకుండానే ఒకసారి తిప్పి ఆపాను. ఆ తర్వాతే వాటిని టేప్ గుర్తుకు బిగించి, అద్దం తడిపి చూశా.

అన్నట్టు, వైపర్‌కు 1903లోనే అమెరికాలో పేటెంట్ తీసుకున్నది మేరీ ఆండర్సన్ అనే ఆవిడ. అప్పట్లో మోటారెక్కడిది, లోపల కూర్చుని చేత్తో తిప్పడమే.

నడిరోడ్డులో ఆగితే మా దగ్గర పాత డ్రైవర్లు బీడీ పొగాకు తడిపి అద్దానికి రుద్దుతారు. నీటి చుక్కలు నిలవకుండా పలచగా జారిపోతాయి. బీడీలు చుట్టే ఊళ్లు కదా, పొగాకుకు కరువు లేదు. అయితే అది మెల్లగా ఇల్లు చేరడానికే. బుష్‌లు నాకు జతగా ఇచ్చారు, రెండోది డాష్‌బోర్డులో పడేసి ఉంచా.