షావుకారు కాని షావుకారు

కొత్తగా చేరిన పిల్లల దరఖాస్తుల్లో మేము ముందుగా పుట్టిన ఊరు చూస్తాం. అక్క విశాఖపట్నంలో, తమ్ముడు జోధ్‌పూర్‌లో పుడతారు. చదివేది ఇక్కడ, అండమాన్‌లో. అవి చూసినప్పుడల్లా మాకు ఇద్దరు నటీమణులు గుర్తొస్తారు.

అక్క 1931లో రాజమండ్రిలో పుట్టారు. చెల్లెలు 1933లో బెంగాల్‌లోని నైహతిలో. తండ్రి వెంకోజీరావు గారిది కాగితం పరిశ్రమలో ఉద్యోగం. పని ఎక్కడుంటే కాపురం అక్కడే. అక్క పేరు జానకి, చెల్లెలు కృష్ణకుమారి. ఇద్దరూ తెలుగు సినిమాల్లో కథానాయికలయ్యారు.

"నా తెలుగులో హిందీ యాస వస్తుంది, నవ్వుతారు" అంటూ పద్యాల పోటీకి రాని పిల్లలు మా తరగతిలో ప్రతి ఏడూ ఉంటారు. వాళ్ళకు జానకి గారి సంగతే చెబుతాం. ఊళ్ళు మారుతూ పెరిగిన ఆ అమ్మాయిలో పెద్దలు మొదట గుర్తించింది తెలుగు పలికే తీరునే. మద్రాసు రేడియో నాటకంలో ఆమె గొంతు విని, సినిమాల్లో వేస్తావా అని దర్శకులు బి.ఎన్. రెడ్డి గారు అడిగారు. ఇంట్లో ఒప్పుకోలేదు, పెళ్ళి చేసేశారు. తర్వాత సంసారం గడవడం కష్టమైంది. అప్పుడు నెలల పాపను ఎత్తుకుని ఆమే వెళ్ళి ఆయన్ను వేషం అడిగారు.

అలా 1950లో విజయా వారి మొదటి చిత్రం 'షావుకారు' వచ్చింది. దర్శకుడు ఎల్.వి. ప్రసాద్, నాయకుడు ఎన్.టి. రామారావు. చక్రపాణి గారి మాటలు ఇంట్లో మాట్లాడుకున్నట్టే ఉంటాయి. తమాషా ఏమిటంటే, కథలో షావుకారు చెంగయ్య. జానకి వేసిన సుబ్బులు పక్కింటి రామయ్య కూతురు. అయినా ఆ పేరు ఆమెకే అతుక్కుపోయింది!

తరువాత 'రోజులు మారాయి', 'కన్యాశుల్కం', ఇంకా తమిళ, కన్నడ చిత్రాలు ఎన్నో. 1969లో బాలచందర్ తీసిన తమిళ చిత్రం 'ఇరు కోడుగళ్'లో ఆమె కలెక్టరు. విడిపోయిన భర్త గుమాస్తాగా ఉన్న ఆఫీసుకే అధికారిగా వస్తుంది. బదిలీ ఉత్తర్వు చూసి ఇంట్లో అమ్మానాన్నల ముఖాలు మారడం ఎరిగిన మీకు ఆ సన్నివేశం వెంటనే అర్థమవుతుంది. దాన్నే తెలుగులో 'కలెక్టర్ జానకి'గా తీసినప్పుడు ఆ పాత్ర జమున గారు వేశారు.

2022లో జానకి గారికి పద్మశ్రీ వచ్చింది. అప్పటికి ఆమెకు తొంభై ఏళ్ళు.

సెలవుల్లో 'కన్యాశుల్కం' దొరికితే చూడండి. అందులో బుచ్చమ్మ ఆమే. ఒక్క సన్నివేశం మాత్రం తెరకు వీపు తిప్పి కూర్చుని వినండి.