దుప్పటి కింద జ్వరం



పోయిన దీపావళి తర్వాత మన హాస్టల్లో ఆటలమ్మ వచ్చింది గుర్తుంది కదా! మొదట వచ్చింది నాకే. ఈ సంగతి కొందరికే తెలుసు. ఒళ్లు కాలిపోతున్నా దుప్పటి కప్పుకుని పడుకున్నాను గానీ ఎవరికీ చెప్పలేదు. పొక్కులు లేస్తే పొడుగు చేతుల చొక్కా వేసుకుని తిరిగాను. చెబితే ఇంటికి పంపేస్తారని, పరీక్షలు పోతాయని నా భయం. రెండు వారాలు తిరిగేసరికి మా గదిలో పదకొండుమంది పడకేశారు. నా పక్కనే పడుకునే అయిదో తరగతి తమ్ముడు పరీక్షలు రాయలేకపోయాడు.

"ముందే ఎందుకు చెప్పలేదురా?" అని వార్డెన్ సారు అడిగితే తల వంచుకుని నిలబడ్డాను. దానికి జవాబు వెతుకుతూ లైబ్రరీలో చదివినవీ, సైన్సు సారును అడిగి తెలుసుకున్నవీ ఇక్కడ రాస్తున్నాను. జబ్బును దాచడం నా ఒక్కడి తప్పే కాదని, దేశాలకు దేశాలే దాని వల్ల నష్టపోయాయని తెలిసింది. అవి ఎలా దిద్దుకున్నాయో కూడా తెలిసింది.

ఎబోలా కథ

ఎబోలా ప్రాణాంతకమైన అంటువ్యాధి. దీన్ని 1976లో ఆఫ్రికాలో మొదటిసారి కనుగొన్నారు. అక్కడి ఒక నది పేరే దీనికి పెట్టారు. 2013 చివర్లో ఇది గినీ దేశంలోని అడవి ప్రాంతపు పల్లెలో పుట్టి, పక్కనున్న లైబీరియా, సియెర్రా లియోన్ దేశాలకు పాకింది. 2016లో పూర్తిగా ఆగేసరికి 28,600 మందికి పైగా జబ్బు పడ్డారు. 11,300 మందికి పైగా చనిపోయారు.

ఇది గాలి వల్ల రాదు. రోగి రక్తం, వాంతి వంటివి తగిలితే అంటుతుంది. చనిపోయిన మనిషిని తాకితే ఇంకా ప్రమాదం. అక్కడి పల్లెల్లో శవానికి బంధువులే స్నానం చేయించి సాగనంపుతారు. మన ఊళ్లలోనూ అంతే కదా! అలా ఒక చావు దగ్గర చేరినవాళ్లలో కొందరు జబ్బుతో ఇంటికి వెళ్లేవారు.

బలవంతం చేస్తే ఏమైంది?

2014 ఆగస్టులో లైబీరియా రాజధాని మన్రోవియాలో శవాలన్నిటినీ కాల్చెయ్యాలని ఆజ్ఞ వేశారు. కాల్చడం వాళ్ల ఆచారం కాదు. దాంతో కొందరు రోగులను ఇళ్లలోనే దాచారు, శవాలను రాత్రిపూట రహస్యంగా పాతిపెట్టారు. అదే నెల 20వ తేదీన వెస్ట్ పాయింట్ అనే పేదల బస్తీని పోలీసులు, సైనికులు చుట్టుముట్టి మూసేశారు. లోపల వేలమంది జనం. తిండికి, నీళ్లకు కటకట. గొడవ జరిగి, కాల్పుల్లో గాయపడి పదిహేనేళ్ల కుర్రవాడొకడు చనిపోయాడు. అంటే నా వయసువాడే. పది రోజులకే ఆ కాపలా ఎత్తేశారు.

తర్వాత దారి మార్చారు. బస్తీలోని యువకులే ఇల్లిల్లూ తిరిగి "ఎవరికైనా జ్వరమా?" అని అడిగారు. ఊరి పెద్దలను, మతగురువులను కలుపుకున్నారు. శవాన్ని తాకకుండా దూరం నుంచి చూసి, ప్రార్థన చేసుకుని సాగనంపే వీలు బంధువులకు కల్పించారు. మర్యాద దక్కుతుందని తెలిశాక జనం దాచడం తగ్గించారు.

లేగోస్‌లో ఎలా ఆపారు?

నైజీరియాలోని లేగోస్ కోటికి పైగా జనమున్న నగరం. 2014 జులై 20న లైబీరియా నుంచి ఒక ప్రయాణికుడు జబ్బుతో అక్కడ విమానం దిగాడు. ఆసుపత్రిలో మొదట మలేరియా అనుకున్నారు. డాక్టర్ అమెయో స్టెల్లా అడడెవో అనే ఆమె అనుమానించి, పైనుంచి ఎంత ఒత్తిడి వచ్చినా అతణ్ణి బయటకు పంపలేదు. చివరికి ఆమెకే ఆ జబ్బు సోకి ఆగస్టు 19న ప్రాణం విడిచింది. ఆమెకు మనందరం చేతులెత్తి మొక్కాలి.

ఆ దేశం అప్పటికే పోలియో మీద పోరాడుతోంది. పిల్లల్ని ఇల్లిల్లూ వెతికి చుక్కలు వేయించే పద్ధతి, దాన్ని నడిపే కేంద్రం ఉన్నాయి. ఆ అనుభవమున్న మనుషుల్నే ఎబోలా పని మీదికి మార్చారు. రోగుల దగ్గర మసలినవాళ్లు దాదాపు 890 మందిని గుర్తించి, ఒక్కొక్కరినీ 21 రోజులు గమనించారు. ఎందుకంటే అంటిన తర్వాత జబ్బు బయటపడటానికి అన్ని రోజుల దాకా పట్టవచ్చు. ఇందుకోసం ఇళ్లకు సుమారు 18,500 సార్లు వెళ్లారట! మొత్తం జబ్బు పడినవాళ్లు 20 మంది, చనిపోయినవాళ్లు 8 మంది. అక్టోబరు 20 కల్లా దేశం బయటపడింది.

మన దేశపు అనుభవం

ఇల్లిల్లూ వెతకడం మనకు కొత్త కాదు. 1974లో మన దేశంలో 1,80,000 మందికి పైగా మశూచి, అంటే పెద్దమ్మవారు సోకింది. అప్పుడు ఆరోగ్య కార్యకర్తలు రోగి బొమ్మ ఉన్న కార్డు పట్టుకుని ఇళ్లకు, సంతలకు, బడులకు వెళ్లి "ఇలాంటి పొక్కులు ఎవరికైనా చూశారా?" అని అడిగేవారు. రోగి ఉన్నచోటు చెప్పినవాళ్లకు బహుమానం ఇచ్చేవారు. చెప్పగానే ఆ ఇంటి చుట్టూ ఉన్నవాళ్లందరికీ టీకాలు వేసేవారు. 1975 మే తర్వాత మన దేశంలో మశూచి లేదు. అందులో బడిపిల్లల మాటకూ విలువ ఉంది చూశారా!

2020లో కరోనా వచ్చినప్పుడు లైబీరియాలో ఎబోలా నాటి కుళాయి బకెట్లు మళ్లీ గుమ్మాల ముందుకు వచ్చాయి. అయితే పాత పాఠం ఒక్కటే చాలలేదు. కరోనా గాలి ద్వారా కూడా వస్తుంది, లక్షణాలు కనబడకముందే అంటుతుంది. పైగా టీకాలు ముందు డబ్బున్న దేశాలకు చేరాయి, పేద దేశాలకు ఆలస్యమైంది. కాబట్టి పాత పాఠం మరచిపోకూడదు, కొత్త జబ్బును చూసి కొత్త పాఠం కూడా నేర్చుకోవాలి.

సారుకు నా జవాబు

సార్, నేను భయపడి చెప్పలేదు. అది తప్పే. తమ్ముడికి క్షమాపణ చెప్పుకున్నాను. కానీ భయం ఉన్నచోట జబ్బు దాక్కుంటుందని ఇప్పుడు తెలిసింది. అందుకే మూడు విన్నపాలు. జ్వరమని చెప్పినవాణ్ణి తిట్టకుండా, వేరే గదిలో పడుకోబెట్టి మందు ఇప్పించాలి. జబ్బు వల్ల పరీక్ష పోతే మళ్లీ రాయించాలి. గదికొక పెద్ద విద్యార్థి రోజూ రాత్రి హాజరు అయ్యాక "ఎవరికైనా ఒంట్లో బాగాలేదా?" అని అడగాలి. మా గదిలో ఆ పని నేను చేస్తాను.

తమ్ముళ్లూ, ఒంట్లో నలతగా ఉంటే దుప్పటి కప్పుకుని పడుకోకండి. నన్ను లేపండి. అర్ధరాత్రయినా సరే సారు దగ్గరికి నేను తోడు వస్తాను.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థి