కంప్యూటరు భాష నేర్చుకొనుటకు మంచి పుస్తకమేది?

తాండూరు నాపరాళ్ళకును, కందులకును పేరు పొందిన పట్టణము. అచ్చటి కందులకు 2022లో భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. ఒక రైతు ఇంట ఏడు క్వింటాళ్ళ కందులు పండినవనియు, ఇద్దరు అన్నదమ్ములు వానిని సమముగా పంచుకొనవలెననియు అనుకొందము. ఒక్కొక్కరికి మూడున్నర క్వింటాళ్ళు రావలెను. ఈ లెక్కను పైథాన్ భాషలో వ్రాసి, 7ను 2 చేత భాగింపుమని కంప్యూటరునకు చెప్పినచో, ఆ భాష రెండవ రూపము 3 అనియు, మూడవ రూపము 3.5 అనియు సమాధానమిచ్చును. మొదటి సమాధానమును నమ్మి పంచినచో ఒక్కొక్కరికి 50 కిలోలు తగ్గును. కంప్యూటరు మాత్రము తప్పు జరిగినదని హెచ్చరింపదు.

ఇట్లెందుకు జరిగినది? పూర్ణాంకమును పూర్ణాంకముచే భాగించిన పూర్ణాంకమే రావలెనని రెండవ రూపము నియమము. మూడవ రూపమున ఆ నియమమును మార్చిరి. మూడవ రూపము 2008 డిసెంబరులో వెలువడినది. రెండవ రూపమునకు మద్దతు 2020 జనవరి 1తో ముగిసినది. కాని దానిని బోధించు పుస్తకములు మాత్రము అంగళ్ళలో మిగిలియే యున్నవి.

వికారాబాదు, తాండూరు విద్యార్థులకు హైదరాబాదు రైలు ప్రయాణపు దూరములో నున్నది. కోఠిలోని పాతపుస్తకాల దుకాణములలోను, ఆదివారము ఆబిడ్సు కాలిబాటలపైనను తక్కువ ధరకు పుస్తకములు దొరకును. భౌతికశాస్త్ర గ్రంథము పాతదైనను న్యూటను సూత్రములు మారవు. కంప్యూటరు భాష నియమములు ప్రకృతి నియమములు కావు. మనుష్యులు కూర్చుండి నిర్ణయించినవి, మరల సవరించుకొనునవి. కావున పాత పుస్తకములోని ప్రోగ్రాము నేటి యంత్రముపై నడవక పోవచ్చును. అప్పుడు విద్యార్థి పుస్తకమును అనుమానింపడు. తన తెలివినే అనుమానించును. ఇందలి అసలు నష్టము ఇదియే.

సి భాషను చూడుడు. దీనిని 1970ల ఆరంభమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డెనిస్ రిచీ రూపొందించెను. 1989లో దీనికి అమెరికా ప్రమాణ మేర్పడినది. తరువాత 1999లోను, 2011లోను, ఇటీవలను సవరణలు జరిగినవి. కాని మన దేశమున ప్రచారములో నున్న పుస్తకములు పెక్కు టర్బో సి అను పాత కంపైలరును ఆధారము చేసికొని వ్రాసినవి. అందు పూర్ణాంకమునకు 16 బిట్ల చోటు మాత్రమే కలదు. అందులో ఇమిడెడి మిక్కిలి పెద్ద సంఖ్య 32,767. 300 అడుగుల పొడవు, 200 అడుగుల వెడల్పు గల ఆవరణలో నాపరాయి పరచుటకు ఎన్ని చదరపు అడుగులు కావలెనని అడిగినచో, 60,000కు బదులు −5,536 అని వచ్చును. సంఖ్య పరిమితిని దాటుటచే 65,536 తగ్గి, ఋణసంఖ్యగా కన్పట్టును. నేటి కంపైలర్లలో పూర్ణాంకమునకు సాధారణముగా 32 బిట్ల చోటుండును కావున లెక్క సరిగా వచ్చును.

అట్లయిన మంచి పుస్తకమును గుర్తించుట యెట్లు? మొదట, ముద్రణ సంవత్సరమును, భాష యొక్క ఏ రూపమును బోధించుచున్నదో చూడవలెను. పునర్ముద్రణ వేరు, సవరించిన కూర్పు వేరు. అట్టపై కొత్త సంవత్సరమున్నను లోపలి విషయము పాతదే కావచ్చును.

రెండవది, సి పుస్తకమైనచో ఒక ప్రశ్నను వెదకవలెను. ఒకే చలరాశిని ఒకే వాక్యములో రెండుమార్లు పెంచి, వానిని కూడి, ఫలితమెంతయని అడుగుట కొన్ని పుస్తకములలో కలదు. అట్టి వాక్యమునకు నిశ్చితార్థము లేదని సి ప్రమాణమే చెప్పుచున్నది. ఒక్కొక్క కంపైలరు ఒక్కొక్క సమాధానము నీయవచ్చును. దీనికి ఒకే సంఖ్యను సమాధానముగా ముద్రించిన పుస్తకము భాషను గాక, రచయిత వద్దనున్న కంపైలరును బోధించుచున్నది.

మూడవది, గెట్స్ అను ప్రమేయమును గూర్చి ఏమి చెప్పినదో చూడవలెను. ఇది టైపు చేసిన పంక్తిని కొలత లేకుండ స్వీకరించును. పది అక్షరములకు చోటుంచినను, ఇరువది వచ్చినచో మిగిలినవి ప్రక్కనున్న సమాచారముపై పడును. 1988 నవంబరులో అమెరికాలో వేలకొలది కంప్యూటర్లను స్తంభింపజేసిన ప్రోగ్రాము ఉపయోగించుకొన్న లోపములలో ఇదియు నొకటి. 2011 ప్రమాణము నుండి దీనిని తొలగించిరి. హెచ్చరిక లేకుండ దీనిని నేర్పు పుస్తకమును విడిచిపెట్టుట మేలు.

మంచి పుస్తకము అందరికిని మొదటి పుస్తకము కానేరదు. కెర్నిగన్, రిచీలు 1978లో ప్రకటించి, 1988లో సవరించిన సి గ్రంథము మూడువందల పుటలకు లోపుననే యున్నను మిక్కిలి స్పష్టమైనది. కాని ప్రోగ్రాముల మూలభావములు కొంత తెలిసినవారికే అది ఉద్దేశింపబడినది. ఉన్నత పాఠశాల విద్యార్థి దానితో ఆరంభించినచో త్వరలోనే అలసిపోవును. అట్టివారికి జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి 2019లో ప్రకటించిన పదునొకండవ తరగతి కంప్యూటరు శాస్త్ర పాఠ్యపుస్తకము అనుకూలము. అది పైథాన్ మూడవ రూపమును బోధించును. అంతర్జాలమున ఉచితముగా లభించును.

ఉపాధ్యాయులు తెలిసికొనదగిన సంగతి యొకటి కలదు. అమెరికా ఆచార్యుడు అలెన్ డౌనీ జావా భాషకై వ్రాసి, ఎవరైనను మార్చుకొనవచ్చునని అనుమతించిన పుస్తకమును, వర్జీనియాలోని జెఫ్ ఎల్క్‌నర్ అను ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు తన విద్యార్థులకై పైథాన్‌లోనికి మార్చెను. డౌనీ దానినే చదివి పైథాన్ నేర్చుకొనెను. పిమ్మట ఆ పుస్తకము ఇంకను సంస్కరింపబడి లోకమంతట వ్యాపించినది. బడిపంతులు పాఠకుడే గాక పుస్తకమునకు సంస్కర్త కూడ కాగలడని ఇది తెలుపుచున్నది.

మన పాఠశాలలలోను ఇట్టి పని కొంత చేయవచ్చును. గ్రంథాలయములోని ప్రతి కంప్యూటరు పుస్తకపు మొదటి పుటలో, అది ఏ భాష యొక్క ఏ రూపమును బోధించునో, అందలి ఏ ప్రోగ్రాములు నేటి యంత్రముపై నడవవో ఉపాధ్యాయుడు వ్రాసి యుంచవలెను. పుస్తకము కొనదలచిన విద్యార్థి, అందలి రెండు చిన్న ప్రోగ్రాములను ముందుగా బడిలోని కంప్యూటరుపై వేసి చూడవలెను. కందుల లెక్క సరిగా వచ్చిన పిమ్మటనే డబ్బు చెల్లించుట మంచిది.